కనపడకుండా నవ్వేవాళ్ళు

నాకు హిందీ రాదు. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. అయినా ఢిల్లీ నుంచి వారానికొకసారి టీవీలో వచ్చే నవ్వుల నాటకం మీద మా వీధిలో నా అంత గట్టిగా అభిప్రాయాలు చెప్పినవాళ్ళు లేరు. ఈమధ్య మా మనవరాలు ఆ పాత నాటకాన్ని ఫోనులో ఎక్కడో పట్టుకుని, "నాయనమ్మా, నువ్వు ఎప్పుడూ చెప్పేది ఇదేనా?" అని నా చేతిలో పెట్టింది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. అదే. అదే మొగుడు, అదే పెళ్ళాం, అదే సోఫా. మొదట్లో పేర్లు పడుతుంటే అప్పట్లో నాకు ఏ భాష పేర్లో కూడా తెలిసేది కాదు. ఏ భాష అక్షరమూ రానిదానికి హిందీ అయితేనేం, తెలుగైతేనేం. నేను బలపం పట్టింది నలభై దాటాక, చర్చిలో ఆడవాళ్ళకు పెట్టిన క్లాసులో. అందుకని ఇప్పుడు పేర్లు చదవబోయాను. హిందీలో ఉన్నాయి. ఇన్నేళ్ళు గడిచినా ఆ నాటకానికీ నాకూ మధ్య ఉన్న దూరం అలాగే ఉంది. కాకపోతే అప్పుడు కొత్తగా అనిపించని సంగతి ఒకటి ఇప్పుడు వింతగా అనిపించింది. వాళ్ళు మాట్లాడిన ప్రతి రెండో మాటకీ ఎవరో నవ్వుతున్నారు. కనపడరు. నవ్వుతారు. అప్పుడు మా జీవితంలో సగం గొడవ ఆ కనపడని నవ్వుతోనే నడిచింది.

నరసరావుపేట స్టేషను వెనక మా వీధిలో మొదటి టీవీ ఖాదరన్నది. ఆయన రేడియోలు బాగుచేసేవాడు. ఆ టీవీ కూడా కొన్నది కాదు. ఎవరో బాగుచేయమని ఇచ్చి, ఊరు మారి, మళ్ళీ రాలేదు. వాళ్ళు ఎప్పుడొచ్చి అడుగుతారోనని ఖాదరన్న భార్య ఖైరూనక్క దాని మీద ముసుగు తీసేముందు రోజూ ఒకసారి వీధిలోకి తొంగిచూసేది. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. గదంతా సీసం కరిగిన వాసన, దాని మీద ఖైరూనక్క పెట్టే అల్లం చాయ్ వాసన. ఇంటిమీది ఏంటెన్నాని కోటప్పకొండకి వీపు పెట్టి తిప్పితే బొమ్మ వచ్చేది, కొంచెం అటు జరిపితే బొమ్మ పోయి మాట వచ్చేది. రెండూ కలిసి వచ్చిన వారం మేము పండగ చేసుకున్నట్టే. నేను మిరపకాయల యార్డులో తొడిమలు తీసే పని చేసేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం పెందలాడే వచ్చి, చేతులకు కాస్త నూనె రాసుకుని, తలమీద నుంచి నీళ్ళు పోసుకుని, ఎండుచేపల పులుసుతో అందరికీ అన్నాలు పెట్టి బయల్దేరేదాన్ని. ఎంత తోమినా ఘాటు చీరకొంగులో ఉండిపోయేది. నేను గదిలోకి అడుగుపెట్టగానే ముందు కూర్చున్నవాళ్ళు తుమ్మేవాళ్ళు. అలా నా చోటు నాకు దొరికేది.

నాతోపాటు మా అత్త రూతమ్మ వచ్చేది. అత్తకి చుట్ట లేనిదే మాట రాదు. అయినా టీవీ పెట్టేముందు చుట్ట ఆర్పి చెవిమీద పెట్టుకునేది. పొగ అవతలివాళ్ళకి పోతే ఏమనుకుంటారని. నవ్వొచ్చినప్పుడు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. వాళ్ళ నవ్వు మనకి వినపడుతోంది కాబట్టి మన నవ్వు వాళ్ళకి వినపడుతుందని అత్త లెక్క. ఆ లెక్కలో తప్పేమిటో చెప్పగలిగినవాళ్ళు మా గదిలో ఎవరూ లేరు. ఖాదరన్న ఒక్కడే, "అది నిజం నవ్వు కాదు పెద్దమ్మా, టేపులో పట్టి కలుపుతారు" అన్నాడు.

"నవ్వుని పట్టి కలిపేదేంది నాయనా, పాలల్లో నీళ్ళా?" అంది అత్త.

ఆయన లేచి ఏంటెన్నా తిప్పడానికి ఇల్లెక్కాడు.

హిందీ అర్థమయ్యేది ఖైరూనక్కకి. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఉర్దూ కాబట్టి ఆవిడ చెప్పిందే మాకు కథ. అయితే ఖైరూనక్క మాటల మనిషి కాదు. టీవీలో మొగుడూ పెళ్ళాం చాయ్ చల్లారేదాకా వాదించుకున్నాక, "గొడుగు పోయిందంట" అని చెప్పేది. మళ్ళీ ఇంకో వాదన అయ్యాక, "దొరికిందంట" అనేది. ఆ రెండు మాటల మధ్య అంతసేపు ఏం మాట్లాడుకున్నారో మేము వాళ్ళ మొహాలు చూసి పట్టుకోవాల్సిందే. అందుకే మా అభిప్రాయాలు గట్టిగా ఉండేవని నాకిప్పుడు అనిపిస్తుంది. మాట తెలియనివాళ్ళకి మొహాలు బాగా కనపడతాయి.

మర్నాడు యార్డులో మిరపకుప్ప చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తూ, టీవీ చూడనివాళ్ళకి నేను కథ చెప్పి తీర్పు కూడా చెప్పేదాన్ని. గొడుగు వారం బాగాలేదని చెప్పాను. పక్కింటివాళ్ళ గొడుగు పోతే పోయిందని చెప్పేస్తే తీరిపోయేదానికి, బొంకు మీద బొంకు పేర్చి చివరికి ఇంటికొచ్చిన పెద్దమనిషిని బీరువాలో దాచారు. బీరువాలో మనిషిని దాచే ఇంట్లో ఇంకో గొడుగు కొనుక్కునే స్తోమత లేదా? పెళ్ళాం సైకిలు నేర్చుకున్న వారం ఇంకా నచ్చలేదు. ఆవిడ వెళ్ళి కూరగాయల బండిమీద పడింది. మొగుడు నవ్వాడు, కనపడనివాళ్ళు విరగబడి నవ్వారు, అక్కడితో అయిపోయింది. పడినదాన్ని లేపినట్టు ఒక్క బొమ్మ చూపించలేదు. "నాటకం తీసినవాళ్ళకి లేపడం రాదు" అని యార్డులో చెప్పాను. ఇద్దరు అత్తలూ ఒకేరోజు ఊడిపడ్డ వారం మాత్రం బాగుంది. అది మళ్ళీ వేస్తే బాగుండునని చాలాకాలం అనుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆడబిడ్డ సుగుణ మాచర్ల నుంచి బట్టలమూటతో వచ్చేసింది. మా ఆయన దావీదుకి ఒక్కతే చెల్లెలు. పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండలేదు. మొగుడు ప్రసాదు మాచర్లలో దర్జీ. బస్టాండు దగ్గర చిన్న కొట్టు. వరసకి నాకు అన్నయ్య. వచ్చిన రోజు మా అత్త సుగుణని గడపలోనే నిలబెట్టి అడిగింది.

"కొట్టాడా?"

"లేదు."

"తాగొచ్చాడా?"

"లేదు."

"ఇంకోదాన్ని ఎవర్తెనన్నా..."

"లేదే అమ్మా."

"మరి ఏందే నీ రోగం?"

"నవ్విస్తాడు" అంది సుగుణ.

అత్త చుట్ట తీసి నావైపు చూసింది. నేను అత్తవైపు చూశాను. ఇంట్లో ఉన్నవి రెండు గదులు. నవ్వించే మొగుణ్ణి వదిలేసి వచ్చినదానికి ఎక్కడ చాప పరవాలో నాకు వెంటనే తట్టలేదు.

తర్వాత నెమ్మదిగా సంగతి తెలిసింది. ప్రసాదన్నయ్య కొట్టు దగ్గర ఎప్పుడూ జనమే. గుడ్డ కుట్టించుకునేవాళ్ళకన్నా ఆయన మాటలు వినడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. ఆ మాటలన్నీ సుగుణ మీదే. సుగుణ గురక పెడితే మాచర్ల రైలు వచ్చిందనుకుని పక్కింటాయన సంచి తీసుకుని స్టేషనుకి పరిగెత్తాడని ఒకరోజు చెప్పాడు. ఆ మాట ఊరంతా పాకింది. అప్పటినుంచి సుగుణ బిందె తీసుకుని పంపు దగ్గరకి పోతుంటే వెనకనుంచి ఎవడో ఒకడు "కూ..." అని కూత పెట్టేవాడు. తిరిగిచూస్తే ఎవరూ ఉండరు. చర్చిలో మోకాళ్ళమీద ఉన్నప్పుడు కూడా ఒకసారి వినపడిందట. మొగుడికి చెబితే, "ఊరంతటికీ తెలిసిన ఆడది నువ్వొక్కదానివే, సంతోషించు" అన్నాడట.

ఆయన్ని చెడ్డవాడు అనడానికి లేదు. ప్రతి వారం మధ్యాహ్నం బస్సుకి నరసరావుపేటలో దిగేవాడు, పెళ్ళాన్ని తీసుకెళ్ళడానికి. అత్తకి పొగాకు, నాకు జాకెట్టు గుడ్డముక్క తెచ్చేవాడు. "ఏం చెల్లెమ్మా, మిరపకాయలు కులాసానా?" అని నన్ను పలకరించేవాడు. సుగుణ లోపల గదిలోనుంచి వచ్చేది కాదు. ఆయన అరుగుమీద పడుకుని తెల్లవారి బస్సుకి వెళ్ళిపోయేవాడు. ఇలా జరగగా జరగగా మా ఆయన చర్చి పెద్దల్ని పిలిచాడు. పాస్టరుగారిని మేము అయ్యగారు అనేవాళ్ళం. అయ్యగారూ, ఇద్దరు సంఘ పెద్దలూ మా ఇంటిముందు కుర్చీల్లో కూర్చున్నారు. అయ్యగారు ప్రార్థన చేసి, "ఏమంటాడో చెప్పమ్మా" అని సుగుణని అడిగారు. సుగుణ తలొంచుకుంది. తన మీద వేసిన నవ్వులమాట తన నోటితో ఎలా చెబుతుంది?

"నేను చెప్తానయ్యగారూ" అన్నాడు ప్రసాదన్నయ్య, చేతులు కట్టుకుని. "దాపరికమేముంది. మా సుగుణ పప్పు వండితే మా వీధికుక్క కూడా ముందు ప్రార్థన చేసుకుని తింటది అన్నా. అంతకంటే ఏమన్లా."

సంఘ పెద్దల్లో ఒకాయన తువ్వాలు మూతికి పెట్టుకున్నాడు. రెండో ఆయన దగ్గినట్టు చేశాడు. అయ్యగారు మాత్రం నిబ్బరంగా కూర్చుని, "సరే, ఇంకా?" అనబోయి, 'ఇం' దగ్గరే ఆగిపోయి, భుజాలు కదిలిపోయేట్టు నవ్వారు. మా ఆయన నవ్వాడు. అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను కాఫీ గ్లాసులు సర్దుతూ లోపలున్నాను, మాట సరిగ్గా వినపడలేదు, తర్వాత మా ఆయన చెబితే తెలిసింది. వినపడి ఉంటే ఏంచేసేదాన్నో చెప్పలేను. నవ్వు ఆగాక అయ్యగారు కళ్ళు తుడుచుకుని, "సరదాకి అన్నమాట తల్లీ, సర్దుకుపోవాలి" అన్నారు. సుగుణ లేచి లోపలికొచ్చింది.

"చూశావుగా వదినా" అంది నాతో. "వీళ్ళు నాకు న్యాయం చెప్పడానికొచ్చారు."

అప్పటినుంచి సుగుణని నేను ఖాదరన్న ఇంటికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఇంట్లో కూర్చుని గోడలు చూస్తుంటే నాకే ఊపిరాడేది కాదు. మొదటి రోజు అందరూ నవ్వుతుంటే ఆ పిల్ల టీవీ వంక కళ్ళార్పకుండా చూసి, ఖైరూనక్కని అడిగింది: "అక్కా, ఆయనేదో అన్నాడు, వీళ్ళు నవ్వారు. దానికి ఆమె ఏమనింది?"

"ఏమన్లేదు" అంది ఖైరూనక్క.

"పోయిన వారం?"

ఖైరూనక్క ఆలోచించింది. "పోయిన వారం కూడా ఏమన్లేదే."

నాటకం మీద ఇంతకాలం నేను ఇన్ని తీర్పులు చెప్పినా, అది నాకు తట్టని తీర్పు. ఆ తర్వాత వారం కాచుకుని చూశాను. పెళ్ళాం మిగతా వేళ ఎంత వాదించినా, మొగుడు ఆమె మీద నవ్వులమాట అంటాడు, వాళ్ళు నవ్వుతారు, ఆమె మూతి ముడుస్తుంది, ఆ మూతి ముడిచినందుకు వాళ్ళు మళ్ళీ నవ్వుతారు. ప్రతి వారమూ అంతే. గొడుగు వారమూ అంతే, సైకిలు వారమూ అంతే. ఇది తెలిశాక నాకు ఆ నాటకం రుచి తగ్గిందని యార్డులో చెప్పాను. అయినా మానకుండా చూశానని కూడా చెప్పాలి.

ప్రసాదన్నయ్య వారం వారం వచ్చేది కూడా ఆ టీవీ రోజే. మా అత్తకి అల్లుణ్ణి ఒంటరిగా అరుగుమీద వదలడం ఇష్టంలేక ఆయన్నీ ఖాదరన్న ఇంటికి తీసుకొచ్చేది. ఆడవాళ్ళం లోపల చాపమీద, మగవాళ్ళు గుమ్మం అవతల అరుగుమీద. అల్లుడు కాబట్టి ఆయనకి గుమ్మంలో స్టూలు వేసేవాళ్ళు. మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు. కానీ ఆయన టీవీతో మాట్లాడేవాడు, సుగుణ ఖైరూనక్కతో మాట్లాడేది.

"పాపం ఆయనదేం తప్పుంది, నలుగుర్ని నవ్విస్తన్నాడు" అనేవాడు ఆయన, టీవీలో మొగుణ్ణి చూసి.

"నలుగురూ నవ్వుకోవడానికి ఆయన దగ్గర ఇంకేం సరుకు లేదా అక్కా?" అనేది సుగుణ, ఖైరూనక్కని చూసి.

మధ్యలో ఖైరూనక్క ఇద్దరికీ చాయ్ ఇచ్చేది. గదిలో అందరికీ తెలుసు, అక్కడ రెండు నాటకాలు నడుస్తున్నాయని. ఈ పిల్ల మళ్ళీ మాచర్ల వెళుతుందా, లేక మా రెండు గదుల్లోనే ఉండిపోతుందా అన్నది ఒక్కటే అందరి కుతూహలం. మా ఇంట్లో మాత్రం అది కుతూహలం కాదు. మా ఆయనకి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. అత్త చుట్టలు పెరిగాయి.

అలాంటి ఒక వారం, నాటకం మొదలైన కాసేపటికే టీవీలో మాట పోయింది. బొమ్మ అద్దంలా ఉంది, మాట లేదు. ఖాదరన్న ఇల్లెక్కి ఏంటెన్నా తిప్పాడు. దిగి వచ్చి టీవీ పక్కన రెండు దెబ్బలు వేశాడు. వెనక మూత విప్పి చూశాడు. "ఇవాళ్టికి ఇంతే" అన్నాడు. అప్పుడు మేము మొదటిసారి నవ్వులు లేకుండా ఆ నాటకం చూశాం. మొగుడు వస్తున్నాడు, పోతున్నాడు, చేతులు తిప్పుతున్నాడు. ఎవరూ నవ్వడం లేదు. ఆ పెళ్ళాం మొహం మామూలుగా మన ఇళ్ళల్లో మొహంలాగా ఉంది. జనం లేవబోయారు.

"ఉండండి, ఉండండి" అన్నాడు ప్రసాదన్నయ్య. "ఆయనేమంటున్నాడో నేను చెప్తా."

ఆయనకి ఆ విద్య ఉంది, లేదనను. టీవీలో మొగుడు నోరు తెరిచిన చోట తెరిచి, మూసిన చోట మూసి, గొంతు కూడా అదే మార్చాడు. మొగుడు కంచం మీద మూత తీశాడు. "ఏమే, ఇది కూరా, బండి చక్రానికేసే కందెనా?" అన్నాడు ప్రసాదన్నయ్య. గది గొల్లుమంది. ఎవరో పెద్దమనిషి భోజనానికొచ్చాడు. "రండి సార్, దిగులుపడకండి, ఆస్పత్రి మా వీధిలోనే ఉంది." మా అత్త కొంగు అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నవ్వింది. అవతలివాళ్ళు వినే వీల్లేదని ధైర్యం వచ్చినట్టుంది. తర్వాత టీవీలో పెళ్ళాం నడుం మీద చెయ్యి పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. ప్రసాదన్నయ్య ఆగిపోయాడు.

"ఆమె ఏమంటుంది?" అని అరుగుమీద నుంచి ఎవరో అరిచారు.

"ఆమెదేముంది, ఆడోళ్ళ గోల" అన్నాడాయన.

అప్పుడు చాపమీద నుంచి, వెనక్కి తిరక్కుండా, సుగుణ అంది: "నా కూర బాగుంటే రేపు నీ కొట్టు దగ్గర వాళ్ళకి ఏం చెప్తావయ్యా? నీ నోటికి పని పోద్దని నేనే మాడబెట్టా."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఖైరూనక్క నేలమీద అరచేత్తో కొట్టి నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేను అదే చూడటం. గది కప్పు లేచిపోయింది. టీవీలో మొగుడు మళ్ళీ నోరు తెరిచాడు. అందరూ స్టూలు వైపు తిరిగారు. టీవీలో ఆయన నోరు ఆడుతోంది, మా అన్నయ్య నోరు ఆడటం లేదు.

"చూశారా సార్, మాట పడిపోయింది" అంది సుగుణ, ఈసారి మొగుడి గొంతుతోనే. మళ్ళీ పెళ్ళాం గొంతుతో: "నేను గురక పెడితే రైలొచ్చిందనుకుని పక్కింటాయన పరిగెత్తాడన్నావుగా. రైలు కాదని తెలిశాక కూడా ఆయన ఇంటికి తిరిగి రాలా. ఎందుకో తెలుసా? నీ మాటలు మళ్ళీ వినాల్సొచ్చిద్దని!"

ఇక ఆ నవ్వు ఆపే దిక్కు లేకపోయింది. ఆ నవ్వుల్లోనే అరుగుమీద చీకట్లోనుంచి ఎవరో "కూ..." అని కూత పెట్టారు. సుగుణని చూసి కాదు. స్టూలుమీద ఉన్నాయన్ని చూసి. ఆయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. అరుగుమీద అందరూ బుద్ధిగా కూర్చుని ఉన్నారు. ఎవరన్నారో తెలియలేదు. ఇంకో మూల నుంచి ఇంకొకరు "కూ..." అన్నారు. ప్రసాదన్నయ్య లేచాడు, చెప్పులు తొడుక్కున్నాడు, వెళ్ళిపోయాడు. తెల్లవారి బస్సుకి కూడా ఆగకుండా ఏదో లారీ పట్టుకుని పోయాడని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక అత్త శోకాలు పెట్టింది. "అల్లుణ్ణి పరాయింట్లో, పదిమందిలో నవ్వులపాలు చేస్తావటే! ఇక ఆయన ఈ గడప తొక్కుతాడా? నీ కాపురం నువ్వే నిప్పుల్లో వేసుకున్నావు గదే!"

"నవ్వులపాలంటే ఏందో ఇప్పుడు తెలిసిందా అమ్మా?" అంది సుగుణ.

అత్త ఏడుపు ఆపి చూసింది. మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను అందరికీ చాపలు పరిచాను. అంత మాట అన్నదన్నమాటేగానీ, సుగుణ కూడా ఆ రాత్రి కన్ను మూయలేదు. కాపురం కూలిపోవాలని వచ్చిన పిల్ల కాదు అది.

ఆ తర్వాతి వారం ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఖాదరన్న టీవీకి మాట తెప్పించాడు. నాటకం మామూలుగానే నడిచింది. మొగుడు అన్నాడు, వాళ్ళు నవ్వారు, పెళ్ళాం మూతి ముడిచింది. గదిలో మాత్రం జనానికి చప్పగా అనిపించింది. "సుగుణా, నువ్వు చెప్పరాదా, మా టీవీ నోరు మూస్తా" అని ఖాదరన్న బతిమాలాడు. సుగుణ చెప్పలేదు. ఖైరూనక్క మాత్రం, "నా ఇంట్లోనే జరిగింది మార్తా, నా వల్లే పిల్ల కాపురం పోయిందంటారు" అని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. టీవీ వల్ల జరిగింది, నీ వల్ల కాదని చెప్పాను. ఆ మాట ఆవిడకి ఊరట ఇచ్చినట్టు లేదు.

ఒకరోజు, టీవీ లేని రోజు, ఎండ నడినెత్తిన ఉండగా ప్రసాదన్నయ్య వచ్చాడు. పొగాకు తేలేదు, గుడ్డముక్క తేలేదు. అరుగుమీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఎప్పుడూ గలగలలాడే మనిషి అలా కూర్చుంటే నాకు భయమేసింది.

"ఇక్కడి మాట మాచర్ల దాకా ఎవడు మోశాడో చెల్లెమ్మా" అన్నాడు చివరికి. "కొట్టు తెరవడం ఆలస్యం, ఎవడో ఒకడు కూ అంటన్నాడు. కత్తెర పట్టుకుంటే కూ. టీ తాగబోతే కూ. తిరిగి చూస్తే ఒక్కడూ కనపడడు." ఖాళీ గ్లాసు తిప్పుతూ, "ఇది ఆగడానికి ఎన్నాళ్ళు పట్టుద్దంటావు?" అని అడిగాడు.

"నాకైతే ఇంకా ఆగలా" అంది సుగుణ, తలుపు వెనకనుంచి.

అన్ని వారాల్లో ఆ ఇద్దరూ ఒకరి మాటకి ఒకరు నేరుగా బదులిచ్చుకోవడం అదే మొదలు. ఆయన తలుపు వైపు తిరగలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తుడుచుకోవాల్సినదానికన్నా ఎక్కువసేపు తుడుచుకున్నాడు.

"ఇంటికి పోదాం" అన్నాడు.

"ఇంటికి రాను. కొట్టుకి వస్తా" అంది సుగుణ.

"కొట్టుకెందుకు?"

"ఇంకో మిషను వెయ్యి. రోడ్డు వైపు, నీ పక్కనే. నా మీద చెప్పేది నేనున్నప్పుడు చెప్పు. నాకు జవాబు తోస్తే చెప్తా, తోయకపోతే ఊరుకుంటా."

మా అత్త లోపలినుంచి పరిగెత్తుకొచ్చింది. "బజార్లో, బస్టాండు ముందు, ఆడది మగోళ్ళ కొలతల మధ్య కూర్చునేదేందే? ఆ అయ్యగారు వింటే ఏమంటారు?"

"ఏమంటారు? నవ్వుతారు" అంది సుగుణ.

ప్రసాదన్నయ్య చాలాసేపు ఆలోచించాడు. జనం ఏమనుకుంటారన్నాడు. రెండో మిషనుకి చోటు లేదన్నాడు. కొట్టులో ఆడవాళ్ళుంటే కుర్రాళ్ళు రారన్నాడు. సుగుణ తలుపు వెనకనుంచి కదలలేదు. ఆఖరికి ఆయన, "గల్లాపెట్టె జరిపితే పట్టుద్దేమో" అన్నాడు. సాయంత్రం బస్సుకి ఇద్దరూ వెళ్ళారు. అయ్యగారికి ఆదివారం ప్రార్థన అయ్యాక చెప్పాం. తన మాట విని సర్దుకుపోయిందని ఆయన సంతోషించారు. మేము కాదనలేదు.

కొన్నాళ్ళకి అత్త పట్టించిన కారం డబ్బా తీసుకుని మాచర్ల వెళ్ళాను. గల్లాపెట్టె మూలకి పోయింది. రెండు మిషన్లూ రోడ్డువైపు తిరిగి పక్కపక్కన ఉన్నాయి. బల్లమీద జనం ఎప్పటిలాగే ఉన్నారు. ప్రసాదన్నయ్య చొక్కాకి కాలరు వేస్తూ, "మా ఆవిడ కాజాలు కుడితే..." అని మొదలుపెట్టి, ఆగి, పక్కకి చూశాడు.

సుగుణ తల ఎత్తలేదు, కాలు ఆపలేదు. "నేను కుట్టిన కాజాలో గుండీ పట్టుద్ది. ఈయన కుట్టిన కాజాలో గుమ్మడికాయ పట్టుద్ది."

బల్లమీద వాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, అందరికన్నా కాస్త ఆలస్యంగా. ఆయన మారిపోయాడని నేను చెప్పను. మాటలు మానలేదు, మానతాడని సుగుణ కూడా అనుకోలేదు. కూతలు పూర్తిగా ఆగడానికి కూడా చాలాకాలం పట్టింది. కాకపోతే కూసినవాణ్ణి ఇద్దరూ కలిసి వెతికేవాళ్ళు.

ఇప్పుడు మా మనవరాలు పెద్ద టీవీలో నవ్వుల కార్యక్రమాలు చూస్తుంది. అప్పుడు నవ్వేవాళ్ళు కనపడేవాళ్ళు కాదు, ఇప్పుడు ఖరీదైన కుర్చీలు వేసి ఎదురుగా కూర్చోబెట్టారు. మిగతాదంతా అదే. మొగుడు పెళ్ళాం వంటని అంటాడు, లావుని అంటాడు, గురకని అంటాడు. కుర్చీల్లో వాళ్ళు చప్పట్లు కొట్టి పడిపోతారు. "నువ్వెందుకు నవ్వవు నాయనమ్మా?" అంటుంది పిల్ల. ఆ పెళ్ళాం ఏమంటుందోనని కాచుకుని కూర్చుంటాను కాబట్టి నవ్వే వేళ దాటిపోతుంది. ఇప్పటి తెలుగు నాకు బాగా అర్థమవుతుంది. చెప్పేవాళ్ళు అక్కర్లేదు. అర్థమవడం వల్ల పెద్దగా లాభం కనపడలేదు. ఖైరూనక్క రెండు మాటల్లో చెప్పిన గొడుగు కథే వీటన్నిటికన్నా నయం.

పోయిన చలికాలం ప్రసాదన్నయ్య పోయాడు. మాచర్లలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. కొత్త పాస్టరు, కుర్రవాడు, వాక్యం చదివాక ఎవరైనా రెండు మాటలు చెప్పవచ్చన్నాడు. ఒక్కొక్కరే లేచి మైకులో ఆయన వేసిన నవ్వులమాటలు చెప్పడం మొదలుపెట్టారు. బస్టాండు దగ్గర టీకొట్టాయన చెప్పాడు, రిటైరైన కండక్టరు చెప్పాడు, ఎవరో రెంటచింతల నుంచి వచ్చిన ముసలాయన పడీపడీ నవ్వుతూ చెప్పాడు. ఏడవడానికి వచ్చిన జనం షామియానా కింద కడుపులు పట్టుకుని నవ్వారు. సుగుణ ముందు వరసలో తెల్లచీరలో కూర్చుని, ఒక్కొక్క మాటకీ తల చిన్నగా ఊపుతూ వింది. ఎవరో ఒకచోట తప్పు చెబితే "అట్టా కాదు" అని కూడా అంది. కూడిక అయ్యాక సుగుణ మనవడు వచ్చి పక్కన కూర్చుని, "తాతయ్యకి అన్ని మాటలు ఎట్టా వచ్చేవి నాయనమ్మా?" అని అడిగాడు.

సుగుణ కళ్ళు తుడుచుకుని, ఖాళీ అవుతున్న కుర్చీల వంక చూసింది.

"అందులో సగం నావిరా" అంది. "ఆయన గట్టిగా చెప్పేవాడు, అంతే."